మొగ దగ్గర నత్త గుల్లలు ఏం చెబుతాయి?

పశ్చిమ గోదావరి జిల్లాకు ఉన్న సముద్ర తీరం 19 కిలోమీటర్లే. నరసాపురం, మొగల్తూరు మండలాలు రెండూ దాన్ని పంచుకుంటాయి. తీరం చిన్నదే గాని దాని మీద పడే భారం చిన్నది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి పశ్చిమ డెల్టాకు పారుతున్న నీటిలో చాలా భాగం చేలు తడిపి, ఊళ్లు దాటి, మురుగు కాలువల్లో పడి చివరికి ఈ వైపుకే వస్తుంది. కొల్లేటి నీటిని ఉప్పుటేరు మోసుకొస్తుంది. యనమదుర్రు, గొంతేరు లాంటి డ్రెయిన్లు దారిలో దొరికిందంతా పోగుచేసుకుని వస్తాయి. వరి చేలలో చల్లిన ఎరువు, పురుగుమందుల శేషం, పట్టణాల మురుగు, రొయ్యల చెరువుల్లోంచి వదిలిన నీరు, రొయ్యల్ని శుద్ధి చేసే కర్మాగారాల వ్యర్థం అన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. 2009లో వెనామీ రొయ్య పెంపకానికి దేశంలో అనుమతి వచ్చాక చెరువులు ఎంత వేగంగా పెరిగాయో ఈ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. తుందుర్రు, జొన్నలగరువు, బేతపూడి గ్రామాల ప్రజలు ఆక్వా ఫుడ్ పార్కు వద్దని ఏళ్ల తరబడి పోరాడింది గొంతేరు నీటి గురించే. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలోని ఒక ఆక్వా శుద్ధి కర్మాగారంలో వ్యర్థాల ట్యాంకు నుంచి వెలువడిన విషవాయువు ఐదుగురు కార్మికుల ప్రాణాలు తీసింది. నీటిలో ఏం కలుస్తోందన్న ప్రశ్న ఇక్కడి వాళ్లకు ప్రాణాల మీది ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు కోసం మనం మామూలుగా చేసే పని ఒకటే. సీసాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపుతాం. కేంద్ర ప్రభుత్వం 1990ల ఆరంభం నుంచి దేశంలోని తీర జలాలను ఈ పద్ధతిలోనే పరీక్షిస్తోంది. ఆ పరీక్ష లేకపోతే నీటిలో ఆక్సిజన్ ఎంతో, అమ్మోనియా ఎంతో, సీసం ఎంతో అంకెల్లో తెలియదు. దాని విలువను ఎవరూ తక్కువ చేయలేరు. అయితే సీసాలో పడేది ఆ నిమిషంలో అక్కడున్న నీరు మాత్రమే. డ్రెయిన్ మొగ దగ్గర నీరు పూటకో రకంగా ఉంటుంది. పోటు మీద సముద్రపు నీరు లోపలికి తోసుకొస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. పాటు తీశాక అదే చోట నల్లటి నీరు బయటికి వస్తుంది. చెరువుల్లో రొయ్యలు పట్టుబడి పట్టిన రోజున అడుగు బురదతో సహా నీరు డ్రెయిన్‌లోకి పోతుంది. మర్నాటికి దాని జాడ ఉండదు. గోదావరికి వరద వచ్చిన ఆగస్టులో ఒక కథ, కాలువలు కట్టేసిన మే నెలలో మరో కథ. నెలకొకసారో మూడు నెలలకొకసారో పట్టిన నమూనా వీటిలో దేన్ని పట్టుకుంటుందో అదృష్టం మీద ఆధారపడిన సంగతి. నిబంధనల ప్రకారం నడుస్తున్నామని చెప్పేవాళ్లూ, నీరు విషమైపోయిందని చెప్పేవాళ్లూ ఒకే డ్రెయిన్ నుంచి వేర్వేరు రోజుల్లో పట్టిన సీసాలు చూపించి వాదించుకోగలరు. ఇద్దరి మాటా నిజమే అయి ఉండవచ్చు.

అందువల్ల, కదలకుండా అక్కడే ఉండి రాత్రీ పగలూ ఆ నీటినే అనుభవించే సాక్షి కావాలి. చేప పనికిరాదు, అది నీరు బాగోలేకపోతే ఈదుకుంటూ పోతుంది. బురద నత్త అంత దూరం పోలేదు. పుట్టిన కొద్ది రోజులు నీటిలో తేలియాడినా, అడుగున స్థిరపడ్డాక దాని జీవితమంతా కొన్ని గజాల మేరలోనే గడుస్తుంది. పైగా అది తన గుల్లను తానే కట్టుకుంటుంది, కట్టినదాన్ని వదిలిపెట్టదు. ఆ గుల్ల ఆకారాన్ని సరిగ్గా కొలిస్తే తీరపు నీటి గురించి సీసా చెప్పలేని సంగతులు తెలుస్తాయి. మొగల్తూరు తీరానికి ఈ పద్ధతి బాగా సరిపోతుందన్నది ఈ వ్యాసంలో నేను చేయబోయే వాదన. అయితే ఆకారం ఒక్కదాన్నే పట్టుకుని కాలుష్యమని తీర్పు చెప్పేస్తే తప్పుదారి పడతాం. ఆ హెచ్చరిక కూడా వాదనలో భాగమే.

ముందు గుల్ల ఎలా తయారవుతుందో చూద్దాం. నత్త మెత్తటి శరీరాన్ని కప్పి ప్రావారం అనే పలుచటి పొర ఉంటుంది. నీటి నుంచీ తిండి నుంచీ వచ్చిన కాల్షియాన్ని ఆ పొర కార్బొనేట్‌తో కలిపి, కొద్దిగా మాంసకృత్తుల జిగురు చేర్చి, గుల్ల నోటి అంచున పోస్తుంది. గుల్ల పెరిగేది ఆ అంచు దగ్గర మాత్రమే. నరసాపురం లేసు అల్లేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అల్లిక ఎప్పుడూ అంచునే సాగుతుంది, వెనక పడిన కుట్టు పడినట్టే ఉండిపోతుంది. అలాగే గుల్ల కొనదేలిన చివర నత్త పసితనం నాటిది, నోటి పెదవి నిన్న మొన్నటిది. మధ్యలో తిండి దొరకని కాలం, నీరు చెడిన కాలం, పీత వచ్చి పెదవి విరిచిన రోజు అన్నీ మెలికల మీద ఏదో ఒక రూపంలో మిగులుతాయి. శరీరంలోకి చేరిన విషాన్ని విరిచేయడానికి నత్త ఖర్చుపెట్టే శక్తి గుల్ల కట్టడానికి ఉపయోగపడాల్సిన శక్తే. ఖర్చు అటు పెరిగితే ఇటు గుల్ల పలుచబడవచ్చు, మెలిక బిగుసుకోవచ్చు, నోరు ఇరుకు కావచ్చు. ఎదుగుదల మందగిస్తే కొన్ని జాతుల్లో ఇందుకు విరుద్ధంగా గుల్ల దళసరి అవుతుంది. ఏ జాతిలో మార్పు ఎటు వెళుతుందో ముందుగా ఊహించి చెప్పలేం, కొలిచి తెలుసుకోవాలి.

గుల్లను చూసి సముద్రపు జబ్బును పట్టుకోవడం ఊహాగానం కాదనడానికి ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతం సాక్ష్యం. అక్కడి జీవి నత్త కాదు, ఆల్చిప్ప. 1970ల చివరికి ఆ అఖాతంలో పెంచే ఆల్చిప్పలు వింతగా మారాయి. పైచిప్ప పొరలు పొరలుగా విడిపోయి, మధ్యలో జిగురు నిండిన గదులు ఏర్పడి, బల్లపరుపుగా ఉండాల్సిన చిప్ప బంతిలా ఉబ్బింది. లోపల మాంసం నిలవడానికి చోటు చాలలేదు. కొన్నేళ్లపాటు పిల్లలు నిలదొక్కుకోనేలేదు. కారణం వెతికితే పడవల అడుగున పూసే రంగు దగ్గర తేలింది. పడవలకు నాచూ గుల్లలూ అంటుకోకుండా ఆ రంగుల్లో ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనం కలిపేవారు. 1982 జనవరిలో ఫ్రాన్సు ప్రభుత్వం 25 మీటర్ల లోపు పడవలకు ఆ రంగు వాడకాన్ని నిషేధించింది. తర్వాతి ఏళ్లలో చిప్పలు మళ్లీ మామూలు రూపానికి వచ్చాయి. ఈ కథలో నాకు ముఖ్యంగా తోచే అంశం క్రమం. మొదట ఆకారం చెడింది, ఆ తర్వాత రసాయనం దొరికింది, ఆ పైన చట్టం వచ్చింది. ఆకారాన్ని ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే ఆ రసాయనం కోసం నీటిలో వెతికేవాళ్లే ఉండరు. ఎందుకంటే అది హాని చేసే మోతాదు అప్పటి పరికరాలకు అందనంత తక్కువ.

ఆ మోతాదు ఎంత తక్కువో నత్తలే చెప్పాయి. 1970లో ఇంగ్లండులోని ప్లిమత్ తీరాన ఒక పరిశోధకుడు ఆడ నత్తల్లో మగ అవయవం మొలుస్తున్నట్టు గమనించాడు. మరుసటి ఏడాది అమెరికాలో మరో జాతి నత్తలోనూ అదే కనిపించింది. అక్కడి పరిశోధకుడు దానికి ఇంపోసెక్స్ అని పేరు పెట్టాడు. 1980ల్లో దీని వెనకా ట్రైబ్యుటైల్ టినే ఉందని రుజువైంది. లీటరు నీటిలో ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు ఉన్నా చాలు, అట్లాంటిక్ తీరపు నత్తలో ఈ వికారం మొదలవుతుంది. ముదిరితే అండాలు బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఆడ నత్త చనిపోతుంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినట్టు నౌకాశ్రయాల చుట్టూ నత్తలు కనుమరుగయ్యాయి. మన దేశంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 1999లో క్రోనియా కొంకణెన్సిస్ అనే నత్తలో దీన్ని నమోదు చేశారు. ఓడల రంగుల్లో తగరపు సమ్మేళనాలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరు 17న అమలులోకి వచ్చింది. ఒక పిడికెడు నత్తలు ప్రపంచ నౌకాయానం తీరునే మార్చాయి.

అయితే ఇంపోసెక్స్ చూడాలంటే నత్తను కోయాలి, సూక్ష్మదర్శిని కింద పెట్టాలి, అవయవాలు గుర్తుపట్టే అనుభవం ఉండాలి. గుల్ల ఆకారానికి ఇవేవీ అక్కర్లేదు. పైగా చచ్చిన నత్త గుల్లను కూడా కొలవచ్చు, వందేళ్ల కిందటి గుల్లనూ కొలవచ్చు. అర్జెంటీనా పరిశోధకులు చేసింది ఇదే. పటగోనియా తీరంలో నౌకాశ్రయం దగ్గర దొరికే బుక్సినానాప్స్ అనే నత్తల గుల్లల్ని ఓడల రాకపోకలు లేని చోట్ల దొరికిన గుల్లలతో పోల్చారు. తర్వాత మరో అడుగు వేశారు. ఆ తీరాన పూర్వం వేటాడి బతికిన జనం తిని పారేసిన గుల్లల పోగులున్నాయి. ఓడలే రాని కాలం నాటి ఆ గుల్లల్ని ఇప్పటి గుల్లల పక్కన పెట్టి చూశారు. ఆకారంలో తేడా బయటపడింది. 2016, 2017 సంవత్సరాల్లో ఈ ఫలితాలు వెలువడ్డాక గుల్ల ఆకారాన్ని కాలుష్య సూచికగా వాడడం గురించి చర్చ ఊపందుకుంది.

కంటికి అన్ని నత్తలూ ఒకేలా కనిపిస్తాయి కదా, తేడా ఎలా పట్టారు? పద్ధతి వినడానికి కష్టంగా ఉంటుంది గాని చేయడం తేలికే. ప్రతి గుల్లనూ ఒకే భంగిమలో, నోరు కెమెరా వైపుకు ఉండేలా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తారు. గుల్ల కొన, మెలికలు కలిసే చోట్లు, నోటి పై మూల, కింది అంచు, పెదవి బాగా ఉబికిన చోటు, ఇలా ఏ గుల్ల మీదైనా గుర్తుపట్టగలిగే బిందువులు కొన్ని ఎంచుకుని కంప్యూటర్లో వాటి స్థానాలు నమోదు చేస్తారు. తర్వాత గుల్లలన్నిటినీ ఒకే పరిమాణానికి తెచ్చి, ఒకే దిక్కుకు తిప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు లెక్క కడతారు. చిన్నా పెద్దా తేడా, ఫొటోలో వంపు తేడా తొలగిపోగా మిగిలేదే అసలు ఆకారం. రెండు చోట్ల గుల్లల గుంపులు ఎంత దూరంగా ఉన్నాయో చెప్పడానికి వాడే కొలత మహలనోబిస్ దూరం. కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ మనుషుల తల కొలతల్ని పోల్చడానికి దాన్ని రూపొందించారు. ఆయన శిష్యుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, సూడాన్‌లో తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలతో కేంబ్రిడ్జిలో పనిచేసి, అనేక కొలతల్ని ఒక్కసారిగా తూచి ఏది ఏ గుంపుకు చెందుతుందో తేల్చే గణితాన్ని 1948లో ప్రచురించారు. 1996లో, 75 ఏళ్లు దాటిన వయసులో, శైలజా సూర్యవంశీతో కలిసి గుర్తు బిందువుల ఆధారంగా వస్తువుల ఆకారాన్ని విశ్లేషించే పద్ధతి మీదే మరో పరిశోధన పత్రం రాశారు. నత్త గుల్లను కొలిచే శాస్త్రానికి పునాది రాళ్లలో కొన్ని మన తెలుగు గణాంక శాస్త్రవేత్త వేసినవే. మన విద్యార్థులకు ఈ మాట ఎవరైనా చెబుతున్నారా?

పటగోనియా చలి ప్రాంతం, అక్కడి సమస్య ఓడల రంగు. మొగల్తూరులో ఓడరేవు లేదు. ఫైబర్ పడవల్ని ఇసుక మీదికి లాగి పెట్టుకుంటారు. కాబట్టి అక్కడి పాఠం ఇక్కడ చెల్లుతుందా అన్న సందేహం న్యాయమైనదే. మనకు దగ్గరి పోలిక బ్రూనై దేశంలో ఉంది. అక్కడి ఒక నదీ సంగమంలో నేల స్వభావం వల్ల ఎగువ నుంచి ఆమ్ల గుణం ఉన్న నీరు దిగుతుంది. సముద్రం వైపు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ నీటి పి.హెచ్. తగ్గుతూ పోతుంది. నత్తల గుల్లలు ఆ వరసలోనే ఎక్కువెక్కువగా కరిగి, కొనలు అరిగిపోయి కనిపించాయి. 2008లో ప్రచురితమైన ఈ పరిశోధన గుల్ల అరుగుదలకూ నీటి రసాయన గుణానికీ ఉన్న ముడిని చూపింది. ఉష్ణమండలపు నది, బురద, ఆటుపోట్లు అన్నీ మనకు తెలిసినవే. మన డ్రెయిన్ మొగల్లో చెరువుల మేత శేషం, మురుగు కలిసి కుళ్లినప్పుడు అడుగు బురదలో ఆక్సిజన్ అయిపోతుంది, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్లు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీటి ఆమ్లగుణాన్ని పెంచుతుంది. ఆమ్లగుణం పెరిగిన నీటిలో కాల్షియం కార్బొనేట్ కరుగుతుంది. ఇది రసాయన శాస్త్రం చెప్పే మాట, గుల్ల దానికి మినహాయింపు కాదు. అంటే తగరం లేకపోయినా గుల్ల మీద నీటి ముద్ర పడడానికి ఇక్కడ కారణాలు చాలానే ఉన్నాయి.

ఇక బలమైన అభ్యంతరానికి వద్దాం. గుల్ల ఆకారం మార్చేది కాలుష్యం ఒక్కటేనా? ముమ్మాటికీ కాదు. అమెరికా ఈశాన్య తీరంలో లిట్టొరినా అనే చిన్న నత్త గుల్లలు 1900కి ముందు పలుచగా, కొన పొడవుగా ఉండేవి. తర్వాత దళసరిగా, కొన పొట్టిగా మారాయి. మ్యూజియంలో దాచిన పాత గుల్లలతో పోల్చి రాబిన్ సీలీ 1986లో ఈ సంగతి బయటపెట్టింది. కారణం ఏ విషమూ కాదు. ఐరోపా నుంచి వచ్చిన ఒక పీత ఉత్తరానికి విస్తరించి పలుచటి గుల్లల్ని పగలగొట్టి తినేసింది, దళసరివే మిగిలాయి. అలలు బలంగా కొట్టే రాళ్ల మీది నత్తలకు గట్టిగా పట్టుకునే పెద్ద పాదం కావాలి కాబట్టి నోరు వెడల్పుగా ఉంటుంది. పీతలెక్కువ ఉన్న చోట అదే జాతికి నోరు ఇరుకవుతుంది. జపాన్‌లో బెటిల్లేరియా అనే బురద నత్తకు ఒక రకం పరాన్నజీవి పురుగు పడితే సంతానశక్తి పోయి ఒళ్లు మామూలు కంటే పెద్దదవుతుంది. మొగల్తూరు దగ్గరైతే వరదల నెలల్లో ఉప్పదనం పడిపోవడం, ఎండాకాలంలో పెరిగిపోవడం అదనం. ఇన్నిటి మధ్య ఒక గుల్ల వంకరగా ఉందని చూపించి ఫలానా చెరువు వల్లే అనడం అన్యాయం. అలా అన్నవాళ్ల వాదన మొదటి ప్రశ్నకే కూలిపోతుంది, నిజమైన ఫిర్యాదు కూడా దాంతో పాటే కొట్టుకుపోతుంది.

కానీ ఈ అభ్యంతరం పద్ధతిని కొట్టివేయదు, ఎలా వాడాలో నేర్పుతుంది. సీలీ చూపించినదాన్నే మరో వైపు నుంచి చూడండి. పీత కారణమని ఆమె చెప్పగలిగింది ఎలా? పీత వచ్చిన చోటనూ రాని చోటనూ, వచ్చిన కాలానికి ముందూ తర్వాతా పోల్చింది. పీతలు పలుచటి గుల్లల్నే ఎక్కువగా పగలగొడతాయని విడిగా పరీక్షించి చూసింది. కాలుష్యానికీ అదే దారి. ఒకే డ్రెయిన్ మొగ నుంచి తీరం వెంట దూరం జరుగుతూ నాలుగైదు చోట్ల గుల్లలు ఏరితే, మురుగు ప్రభావం తగ్గేకొద్దీ ఆకారం క్రమంగా మారుతోందా అన్నది తేలుతుంది. అయితే అదే దారిలో ఉప్పదనం కూడా మారుతుంది కదా అంటారు. నిజమే. అందుకని చెరువుల నీరు తక్కువగా వచ్చే మరో మొగ దగ్గర, ఉప్పదనం అదే తీరుగా మారే చోట, రెండో వరస గుల్లలు ఏరాలి. రెండు వరసల్లోనూ మార్పు ఒకేలా ఉంటే దోషం ఉప్పదనానిది, మొదటి వరసలో మాత్రమే ఉంటే నీటిలో కలిసినదానిది. పీతల దాడిని గుల్ల మీది విరిగి అతికిన మచ్చల్ని లెక్కపెట్టి తెలుసుకోవచ్చు. పరాన్నజీవి ఉందా లేదా అన్నది ప్రతి చోటా కొన్ని నత్తల్ని కోసి చూస్తే తెలుస్తుంది. ఈ సందేహాలన్నీ తీర్చుకున్నాక కూడా తేడా మిగిలితే, ఆ చోట బురదనూ నత్త మాంసాన్నీ ప్రయోగశాలకు పంపి ఏ లోహం, ఏ రసాయనం పోగుపడిందో వెతకాలి. ఆకారం ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఏమిటన్నది రసాయన పరీక్ష చెప్పాలి.

ఏ నత్తను ఎంచుకోవాలి? పేరుపాలెం బీచిలోని ఇసుక మీద అలలు తెచ్చిపడేసే గుల్లలు ఈ పనికి అంతగా పనికిరావు, అవి ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చినవి. మనకు కావలసింది మొగల దగ్గర, మడ చెట్ల కింద, పాటు తీశాక బయటపడే బురద మీద పాకే జాతి. ఆంధ్ర తీరమంతా ఇలాంటి బురదలో విరివిగా దొరికే నత్త సెరిథిడియా సింగులేటా, ఇప్పుడు దాన్ని పిరెనెల్లా అంటున్నారు. వేలెడంత ఉండదు. సన్నగా, కొన తేలి, మెలిక మెలికకూ పూసలు గుచ్చిన వరసలుంటాయి. ఎదిగిన నత్తలో నోటి పెదవి విచ్చుకుని దళసరి అవుతుంది, కాబట్టి పసివీ పెద్దవీ కలిసిపోయే చిక్కు రాదు. పెదవి విచ్చుకున్నవి మాత్రమే తీసుకుంటే సరి. బురదలోని సన్నటి నాచునూ కుళ్లునూ తిని బతుకుతుంది, అంటే మురుగు తెచ్చిన మట్టి నేరుగా దాని పొట్టలోకి వెళుతుంది. ఫిలిప్పీన్స్‌లో చేపల చెరువుల్లో ఈ నత్త బెడదగా మారితే దాన్ని చంపడానికి ఒకప్పుడు తగరపు సమ్మేళనాల మందునే వాడారు. ఏ చెరువులో ఏ మందు వాడినా బయటికొచ్చిన నీరు మొట్టమొదట తగిలేది ఇలాంటి జీవులకేనని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

పోల్చడానికి పాత గుల్లలు కావాలి కదా, అవి ఎక్కడున్నాయి? పటగోనియాలో మనుషులు తిని వేసిన పోగులుంటే, గోదావరి డెల్టాలో నేలే ఆ పని చేసి పెట్టింది. గత 6,000 ఏళ్లలో నది ఒండ్రు వేస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టింది. ఆగినప్పుడల్లా అప్పటి తీరం వెంట ఒక ఇసుక దిబ్బ మిగిలింది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లు చాలావరకు ఆ పాత తీరాల మెరక మీద కట్టుకున్నవే. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞానులు ఈ దిబ్బల వరసల్ని పటం గీసి డెల్టా పెరిగిన క్రమాన్ని తేల్చారు. వాటి కింద, పాత లంకల బురద పొరల్లో, నీటిలో ఏ రసాయనమూ కలవని కాలపు గుల్లలు దొరికే అవకాశం ఉంది. మట్టిలో ఏళ్ల తరబడి ఉన్న గుల్ల కొంత అరిగిపోయి ఉండవచ్చు, కాబట్టి పై నునుపును పట్టించుకోకుండా మెలికల నిష్పత్తుల్ని మాత్రమే పోల్చాలి. ఒక్కో బావి తవ్వకం, ఒక్కో చెరువు తవ్వకం ఇలాంటి పొరల్ని బయటపెడుతుంది. చెరువు తవ్వే పొక్లెయిన్ తీసిన మట్టిగుట్టలోనే మనకు కావలసిన పాత నమూనా ఉండవచ్చు.

ఈ మాటలన్నీ ఆక్వా రంగానికి వ్యతిరేకం కాదా అని అడిగేవాళ్లుంటారు. లక్షల మందికి బువ్వ పెడుతున్న రంగాన్ని నత్తల పేరుతో ఇరుకున పెట్టడం ఏమిటంటారు. ఆ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. కాని రొయ్య రైతుకు నీటి విషయంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఒక చెరువు వదిలిన నీటినే పక్క చెరువు తోడుకుంటుంది. 1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చ రోగం కోస్తాలో టైగర్ రొయ్యల చెరువుల్ని తుడిచిపెట్టినప్పుడు వ్యాధి ఒక చెరువు నుంచి మరో చెరువుకు నీటి దారినే పాకింది. అప్పుడు నష్టపోయింది రైతే. తీరప్రాంత ఆక్వా చెరువుల్ని నియంత్రించే చట్టం 2005లో వచ్చింది. ఐదు హెక్టార్లు, అంతకు మించిన చెరువులు వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఏర్పాటు చేసుకోవాలని దాని కింద అప్పట్లో నిబంధన పెట్టారు. మన దగ్గర చెరువుల్లో అధికభాగం అంతకంటే చిన్నవి. ఒక్కొక్కటి చిన్నదే గాని అన్నీ వదిలే నీరు ఒకే డ్రెయిన్‌లోకి వస్తుంది. ఏ ఒక్కరి తప్పూ కాని ఇలాంటి నష్టాన్ని పట్టుకోవడానికి ఒక్కో గట్టు దగ్గర సీసాలు పట్టడం కంటే అందరి నీరూ చేరే మొగ దగ్గర నత్తను చూడడం మేలు. అది ఎవరి మీదా వేలెత్తి చూపదు, మొత్తం డ్రెయిన్ పరిస్థితిని ముందుగా చెబుతుంది. ముందుగా తెలిస్తే బాగుపడేది మొదట రైతే.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక మంచి ఫోన్ కెమెరా, వెర్నియర్ కాలిపర్స్, ఉప్పదనం కొలిచే చిన్న పరికరం, పి.హెచ్. మీటరు ఉంటే చాలు. బిందువులు గుర్తించే, లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. నరసాపురం వై.ఎన్. కళాశాలలోనూ భీమవరం డి.ఎన్.ఆర్. కళాశాలలోనూ జంతుశాస్త్రం చదివే విద్యార్థులున్నారు, నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2022లో శంకుస్థాపన జరిగింది. ఏటా వరదలు తీసిన తర్వాత, నవంబరు డిసెంబరు నెలల్లో, ఉప్పుటేరు మొగ నుంచి వశిష్ఠ సంగమం అంతర్వేది వరకు ఎంచుకున్న కొన్ని చోట్ల ఒక్కోచోట 30 నుంచి 40 గుల్లలు ఏరి, కొలిచి, తేదీ, చోటు, నీటి ఉప్పదనం రాసి పెట్టెల్లో భద్రం చేస్తే సరిపోతుంది. చేపలు పట్టేవాళ్లను వెంటబెట్టుకోవాలి, ఏ మొగలో ఎప్పుడు నీరు నల్లబడుతుందో వాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు. ఒక ఏడాది ఫలితం పెద్దగా ఏమీ చెప్పకపోవచ్చు. ఐదేళ్ల వరస చేతిలో ఉంటే కాలుష్య నియంత్రణ మండలిని ఏ డ్రెయిన్ దగ్గర, ఏ నెలలో, ఏం పరీక్షించమని అడగాలో తెలుస్తుంది. ఈ నవంబరులోనే మొదటి పెట్టె నింపండి. కళాశాలల జంతుశాస్త్ర విభాగాలకు, వాటి అధ్యాపకులకు నా విన్నపం ఇది.